సంతకం లేని బొమ్మలు

ఇవాళ బీరువా సర్దుదామని కూర్చున్నాను. అడుగు అరలో అమ్మ బొమ్మల పుస్తకం కనపడింది. ఇక సర్దడం అక్కడితో సరి.

పెళ్లికి ముందు గీసినవి. నిద్రపోతున్న పిల్లి, సగం తెరిచిన కిటికీ, వాళ్లమ్మ చేతులు. ఆ చేతులే నాలుగు పేజీలున్నాయి. ఒక్కో పేజీకీ వేళ్లు ఇంకాస్త కుదురుతూ వచ్చాయి. నాలుగోది చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఒక్కదాని కిందా పేరు లేదు.

డచ్ చిత్రకారిణి జూడిత్ లేస్టర్ గుర్తొచ్చింది. 1633లో హార్లెమ్ అనే ఊళ్లో చిత్రకారుల సంఘంలో సభ్యురాలైంది. ఆమె దగ్గర శిష్యులు కూడా నేర్చుకునేవారు. లేస్టర్ అంటే దారి చూపే చుక్క. అందుకే సంతకంలో రెండక్షరాలూ, పక్కన ఒక నక్షత్రం వేసేది. 1636లో ఇంకో చిత్రకారుణ్ణి పెళ్లాడింది. ఆ తర్వాత వేసిన బొమ్మలు బాగా తక్కువ. 1660లో పోయింది. ఆమె బొమ్మలు మాత్రం అదే ఊరి పేరున్న చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ పేరు మీద చేతులు మారుతూ వచ్చాయి. హాల్స్‌దనుకున్న ఒక చిత్రంలో ఆ నక్షత్రాన్ని గుర్తుపట్టింది 1893లో! చుక్క వేసుకుంది కాబట్టి దొరికింది. వేసుకోనివాళ్ల సంగతి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

కాలంతో పాటు ఆడవాళ్ల స్థితి మెరుగవుతూ వచ్చిందంటారు గానీ, ఈ చరిత్ర అంత తిన్నగా నడవలేదు. 1768లో లండన్‌లో రాయల్ అకాడమీ అనే కళాసంస్థ పెట్టినప్పుడు ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్ వ్యవస్థాపక సభ్యులు. కొన్నేళ్లకు జోఫనీ అనే చిత్రకారుడు ఆ సభ్యుల్ని ఒకే చిత్రంలో వేశాడు. మగవాళ్లు నగ్న మోడల్ చుట్టూ నిలబడి మాట్లాడుకుంటుంటారు. వీళ్లిద్దరూ గోడకి వేలాడే పటాల్లో ఉంటారు. ఆ గదిలోకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు మరి. శరీరాన్ని చూసి నేర్చుకోనివ్వకపోతే పెద్ద చారిత్రక చిత్రాలు ఎలా వేస్తారు? పువ్వులూ ముఖాలూ మిగిలాయి. వాళ్లిద్దరి తర్వాత ఇంకో స్త్రీకి, లారా నైట్‌కి, పూర్తి సభ్యత్వం వచ్చింది 1936లో. పారిస్ ప్రభుత్వ కళాశాల అమ్మాయిల్ని చేర్చుకుంది 1897లో. లేస్టర్ శిష్యులకు నేర్పిన రెండున్నర శతాబ్దాలకు!

బెర్త్ మొరీసో మరీ బాధపెడుతుంది. ఇంప్రెషనిస్టులనే ఫ్రెంచి చిత్రకారుల బృందం పెట్టిన ఎనిమిది ప్రదర్శనల్లో ఏడింట్లో ఆమె బొమ్మలున్నాయి. 1895లో చనిపోతే మరణపత్రంలో వృత్తి ఏమీ లేదని రాశారు.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను.

“నీ బొమ్మల పుస్తకం దొరికిందమ్మా. ఒక్కదాని మీదా సంతకం పెట్టలేదేం?”

“నేనేమన్నా చిత్రకారిణినటే, సంతకాలు పెట్టడానికి?”

మొరీసో కాగితం రాసిన గుమస్తా గొంతు అమ్మ నోట విన్నట్టయింది. ఏం చెప్పాలో తోచలేదు. ఆ చేతుల బొమ్మలు చాలా బాగున్నాయని మాత్రం అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు.

“చేతులు సరే గానీ, ఆ పిల్లిని చూశావా? వెనక కాలు పొట్టిగా వచ్చింది. దిద్దుదామనుకున్నాను, అది లేచి వెళ్లిపోయింది.”

ఫోన్ పెట్టేసి చూశాను. నిజమే, కొంచెం పొట్టిగానే ఉంది.