తలకిందులు చేస్తే అయిపోతుందా?

జర్మనీ యూనివర్సిటీల్లో పర్మనెంట్ కాని రీసెర్చ్ ఉద్యోగానికి గడువుంటుంది. 2007 నాటి చట్టం ప్రకారం పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు (డాక్టరీ చదువుల లెక్క వేరు). ఆలోపు ప్రొఫెసర్ పోస్టు దొరక్కపోతే సాధారణంగా పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. ట్రియర్ యూనివర్సిటీలో నాతో లెక్కల్లో పనిచేసేవాళ్లందరికీ ఈ టెన్షన్ ఉంది. కానీ మధ్యాహ్నం భోజనాలయ్యాక కాఫీ కప్పులతో బోర్డు దగ్గర చేరామంటే కాంట్రాక్టు సంగతి ఎవరూ ఎత్తరు. ప్రాబ్లమ్స్ క్లాసు నేనే జర్మన్‌లో చెప్పాలి. క్లాసు అవగానే పిల్లలు పిడికిళ్లతో బల్లల మీద టకటకా కొడతారు, వాళ్ల చప్పట్లు అవే. ఆ చప్పుడు వింటే ఎంత అలసటైనా పోతుంది.

సెలవులకు హైదరాబాద్ వస్తే మాత్రం అందరూ జీతమే అడుగుతారు. పని గురించి అడిగేది నల్లకుంటలో మామయ్య ఒక్కడే. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. "కాగితం మీద పెట్టరా" అన్నాడు.

పవర్ సిరీస్ అంటే a + bz + cz² + ... లాంటి అంతులేని మొత్తం. అలాంటివి రెండింటిని మామూలుగా కాకుండా, ఒకే ఘాతం పక్కనున్న గుణకాలను మాత్రమే గుణించే పద్ధతి ఉంది. 1899లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు జాక్ హాడమార్డ్ దీని మీద ఒక సిద్ధాంతం రుజువు చేశాడు, అందుకే ఆయన పేరుతో పిలుస్తారు. ఇక్కడ తత్సమాంశం, అంటే దేంతో గుణించినా దాన్ని మార్చనిది, అన్ని గుణకాలూ 1గా ఉన్న సిరీస్. గుణిస్తే ఈ తత్సమాంశాన్నిచ్చేదే విలోమం.

"అయితే విలోమం కావాలంటే ఒక్కో గుణకాన్నీ తలకిందులు చెయ్యి, అయిపోయె! ఇందులో రీసెర్చ్ ఏముంది?" అన్నాడు మామయ్య.

అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. గుణకాలు 1, 1/2, 1/4, 1/8 అనుకుందాం. తలకిందులు చేస్తే 1, 2, 4, 8. సిరీస్ పనిచేసే వృత్తం వ్యాసార్థం 1/2కి పడిపోతుంది. యూనిట్ డిస్క్ (సున్నా చుట్టూ వ్యాసార్థం 1 ఉన్న వృత్తం లోపలి భాగం) అంతటా హోలోమార్ఫిక్‌గా, అంటే సంకీర్ణ సంఖ్యల మీద అవకలనం చెయ్యగలిగేలా, ఉండే ఫంక్షన్ల గుంపులో దానికి చోటు లేదు. అంటే గుణకాలు సున్నా కాకపోతే చాలదు, మరీ వేగంగా చిక్కిపోనూ కూడదు.

నాకు ప్రాణం ఇంకో ఉదాహరణ. గుణకాలు 1, 2, 3, 4... ఆ ఫంక్షన్‌కు సంకీర్ణ తలంలో 1 అనే ఒక్క బిందువు దగ్గర తప్ప ఎక్కడా ఇబ్బంది లేదు. విలోమం గుణకాలు 1, 1/2, 1/3, 1/4... దాంట్లోంచి లాగరిథమ్ బయటికొస్తుంది. లాగరిథమ్ 1 చుట్టూ ఒక చుట్టు తిరిగొస్తే పాత విలువకు రాదు. కాబట్టి ఒక్క బిందువు తీసేసిన తలంలో మన ఫంక్షన్‌కు విలోమం లేదు. 1 నుంచి కుడివైపు అనంతం దాకా గీత కోసేస్తే, చుట్టు తిరిగే దారి మూసుకుపోయి, విలోమం దొరుకుతుంది.

మామయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మరి ఆ ఒక్క బిందువు తీసేసిన చోట విలోమం ఉన్నవాళ్లెవరు?" అన్నాడు. సరైన ప్రశ్న!

అనంతం దగ్గర సున్నా అయ్యే ఫంక్షన్లనే తీసుకుంటే, తత్సమాంశాన్ని సున్నా కాని స్థిరాంకంతో గుణించినవి తప్ప ఇంకేవీ లేవు. ఎందుకంటే స్వీడన్ గణితజ్ఞుడు విగెర్ట్ చెప్పినట్టు, అలాంటి ఫంక్షన్ల గుణకాలు చాలా నెమ్మదిగా పెరిగే ఒక ఎంటైర్ ఫంక్షన్ (సంకీర్ణ తలమంతటా హోలోమార్ఫిక్‌గా ఉండేది) 0, 1, 2, 3... దగ్గర తీసుకునే విలువలు. విలోమం ఉందంటే ఆ ఎంటైర్ ఫంక్షన్‌కు ఎక్కడా సున్నాలు ఉండకూడదు. అంత నెమ్మదిగా పెరుగుతూ, సున్నాలు లేకుండా ఉండేది స్థిరాంకం ఒక్కటే. ఈ చివరి మెట్టు కూడా హాడమార్డ్‌దే, ఎంటైర్ ఫంక్షన్లను కారణాంకాలుగా విడగొట్టే ఆయన సిద్ధాంతం. ఒకే మనిషి రెండు వేర్వేరు పనులు ఇక్కడ కలుసుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మామయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రాత్రి ఫోన్ చేసి, ఒకటికి బదులు రెండు బిందువులు, 1, మైనస్ 1 తీసేస్తే ఏమవుతుందని అడిగాడు. సరి గుణకాలకు ఒకటి, బేసి గుణకాలకు ఒకటి, రెండు ఎంటైర్ ఫంక్షన్లు వస్తాయని చెప్పి, మిగతాది ఆయన్నే చెయ్యమన్నాను.