తమ్ముడే కదా అని దారి ఇస్తాడా?

నిన్న రాత్రి పాత రేసు వీడియోలు ముందేసుకుని కూర్చున్నా, కారణం మార్కెజ్ బ్రదర్సే. 2025 మోటోజీపీ బైక్ రేసుల్లో మార్క్ ఛాంపియన్, తమ్ముడు అలెక్స్ రెండో ప్లేసు, టాప్ క్లాసులో అన్నదమ్ములు ఇలా ఒకటి రెండు రావడం అదే మొదటిసారి. ఇద్దరివీ డుకాటీలే కానీ టీములు వేరు, అందుకని అన్న వెనకాల వస్తే తమ్ముడు పక్కకి జరిగేస్తాడేమో అని చాలామందికి డౌటు.

నాకు ఆ డౌటు ఎఫ్1 కారు రేసుల్లో షూమాకర్ల టైములోనే తీరిపోయింది, మైఖేల్ అన్న, రాల్ఫ్ తమ్ముడు. 1997లో నూర్‌బర్గ్‌రింగ్‌లో మొదటి మలుపులోనే రాల్ఫ్ నడిపే జోర్డాన్ టీమ్ కారు టీమ్‌మేట్ ఫిసికెల్లాకి తగిలి, ఎగిరొచ్చి అన్న ఫెరారీ మీద పడింది. మైఖేల్ రేసు అక్కడితో అయిపోయింది, అతనితో టైటిల్ కోసం కొట్టుకుంటున్న విల్నెవ్ ఏమో ఆ రేసు గెలుచుకుపోయాడు. ఇంక ఆ రోజు అన్నతో ఏం మాట్లాడుంటాడో పాపం! 2001 కెనడాలో మాత్రం రాల్ఫే ఫస్టు, అన్న సెకండు, ఎఫ్1లో అన్నదమ్ముల మొదటి వన్ టూ అది. ఆరు రేసులు గెలిచినోణ్ణి పట్టుకుని ఇప్పటికీ 'మైఖేల్ తమ్ముడు' అనే అంటారు, అన్నకి 91 ఉన్నాయి మరి, ఏం చేస్తాం. నేనూ ఇంట్లో చిన్నోణ్ణే, ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు తెలుసు.

కానీ నేను మళ్ళీ మళ్ళీ చూసేది 2003లో ఇటలీలోని ఇమోలా రేసు. రేసులో ఎవరు ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తేల్చే శనివారం క్వాలిఫయింగ్‌లో మైఖేల్ పోల్, అంటే మొదటి ప్లేసు, పక్కనే రాల్ఫ్. వాళ్ళమ్మ ఎలిజబెత్ అప్పటికే సీరియస్‌గా ఉంది, క్వాలిఫయింగ్ అవ్వగానే ఇద్దరూ జర్మనీలోని కొలోన్ వెళ్ళి చూసొచ్చారు, రేసు మొదలయ్యేలోపే ఆవిడ పోయింది. చిన్నప్పుడు వీళ్ళు నేర్చుకున్న కెర్పెన్ కార్ట్ ట్రాక్‌లో క్యాంటీన్ చూసుకున్న మనిషి ఆవిడ. చేతికి నల్ల బ్యాడ్జీలు కట్టుకుని ఇద్దరూ కార్లెక్కారు. ఆ రోజైనా ఒకడు తగ్గుతాడనుకుంటాం కదా, స్టార్ట్‌లోనే రాల్ఫ్ అన్నని దాటేశాడు, మైఖేల్ అంటిపెట్టుకుని వెంటపడ్డాడు, పెట్రోలుకీ టైర్లకీ ఆగే ఫస్ట్ పిట్ స్టాపుల దాకా అదే వరస.

చివరికి మైఖేల్ గెలిచాడు, రాల్ఫ్ నాలుగు. పోడియం మీద షాంపేన్ చల్లుకోలేదు, ప్రెస్ మీట్‌కి మైఖేల్ రాలేదు, అతని బదులు ఫెరారీ బాస్ జాన్ టాడ్ వచ్చి కూర్చున్నాడు.