మన, మా, వాళ్ళ

ఆదివారం తెలుగు తరగతిలో మా అమ్మాయిని 'మీ ప్రాంతంలో పుట్టిన ఒక నాయకుడు' అని ఒక పేజీ రాసుకుని రమ్మన్నారు. నాకు పండగే. పొయ్యి మీద పోపు మాడుతున్నా పట్టించుకోకుండా చెప్పడం మొదలుపెట్టాను. "గంటి మోహనచంద్ర బాలయోగి. పూర్తి పేరు రాయి. ఆయన మన మనిషి."

పెన్సిల్ ఆగింది. "మన అని రాయను" అంది.

తప్పు నాదే. మన, మా తేడాను గంటసేపు నూరిపోసింది నేనే. వినేవాళ్ళను కూడా కలుపుకుంటే మన, కలుపుకోకపోతే మా. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే ముక్క, మన భాష ఎంత నాజూకైనదో చూడు అని మురిసిపోయాను కూడా. ఇప్పుడు అదే కత్తి నా మీదికి తిరిగింది. "నానమ్మ అలా అనలేదు కదా నాన్నా. వాళ్ళలో అంత పైకి వెళ్ళినవాడు ఆయనొక్కడే అంది. వాళ్ళలో అంటే మనం కాదు కదా?"

నానమ్మ ఆ మాట అన్నది పోయిన సంక్రాంతికి, ఎదుర్లంక వంతెన మీద. యానాం వెళ్తూ గోదావరి పాయ గౌతమిని చూపిద్దామని కారు ఆపించాను. నా చిన్నతనంలో ఇక్కడ నది దాటించే పంటు ఉండేది. కాకినాడ వెళ్ళాలంటే రేవులో పడిగాపులు కాయాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాలి. బాలయోగి పట్టుదల వల్లనే వంతెన వచ్చిందని మా వైపు అందరూ చెబుతారు. వంతెనకు ఆయన పేరే పెట్టారు, ఆయన పుట్టింది ఈ ఎదుర్లంకలోనే అని నేను ఉపన్యాసం ఇస్తుంటే అమ్మ వెనక సీటులోంచి ఆ ముక్క చేర్చింది. మెచ్చుకోలుగానే అంది. నేను విన్నాను. విననట్టు నదిని చూపించాను.

సరే, 'మన' తీసేసి మిగతాది చెప్పాను. 1951లో పుట్టారు, న్యాయశాస్త్రం చదివి కాకినాడలో వకీలుగా పనిచేశారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షులు. 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు. 1996లో ఓడిపోయి, ముమ్మిడివరం నుంచి శాసనసభకు వెళ్ళి రాష్ట్రంలో మంత్రి అయ్యారు. 1998లో మళ్ళీ గెలిచి, ఆ మార్చిలోనే లోక్‌సభ సభాపతి. ఆ కుర్చీలో కూర్చున్న తొలి దళితుడు.

ఈ చివరి వాక్యం నేను చెప్పలేదు. తనే కంప్యూటర్‌లో చదివి అడిగింది, దళితుడు అంటే ఏమిటని. దానికి జవాబుగా నేను 1999 ఏప్రిల్ 17 గురించి చెప్పాను. నవ్వకండి. అది నాకు బాగా వచ్చిన కథ. వాజ్‌పేయి ప్రభుత్వానికి విశ్వాస పరీక్ష. గిరిధర్ గమాంగ్ అప్పటికి రెండు నెలలుగా ఒడిశా ముఖ్యమంత్రి, అయినా లోక్‌సభ సభ్యత్వం వదులుకోలేదు. ఆయన ఓటు వేయవచ్చా, కూడదా? బాలయోగి పార్టీ తెలుగుదేశం ప్రభుత్వం వైపే ఉంది. అయినా సభాపతిగా ఆయన ఆ నిర్ణయాన్ని గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "ఒక్క ఓటా!" అంది. హమ్మయ్య అనుకున్నాను. సభను అదుపులో పెట్టే విద్య ఎంతో కొంత నాకూ వచ్చనుకున్నాను.

"దళితుడు అంటే ఏమిటో చెప్పలేదు" అంది.

చెప్పాను. అంటరానితనం, చట్టం, అంబేద్కర్, అమలాపురం ఎందుకు రిజర్వుడు నియోజకవర్గమో, అన్నీ. పాఠ్యపుస్తకం అప్పజెప్పినట్టు, ఎక్కడో ఎవరికో జరిగినట్టు. మా పెరడు గురించి చెప్పలేదు. మా పాలేరుకు అప్పటికే అరవై ఏళ్ళుంటాయి. కొబ్బరికాయల దింపు రోజున నాకు లేత బొండం ఏరి కొట్టి ఇచ్చేవాడు. ఆయన చేతి బొండం మాకు తియ్యగానే ఉండేది. ఆయన తాగే గ్లాసు మాత్రం పెరటి చూరులో దోపి ఉండేది. ఆయనే తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే దోపేవాడు. ఆరేళ్ళ నేను ఆయనను "ఏరా" అని పిలిచేవాడిని. ఇంట్లో ఒక్కరూ తప్పనలేదు. ఇప్పుడు అదే నేను, పక్కింటి తెలుగువారిని మా అమ్మాయి "నువ్వు" అన్నదని, పెద్దవాళ్ళను మీరు అనాలని అరగంట క్లాసు పీకుతాను.

2022 మే నెలలో, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టవద్దని అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టినప్పుడు, మా బంధువుల వాట్సాప్ గుంపు రాత్రంతా మోగింది. ఎవరెవరు ఏమేమి రాశారో ఇక్కడ రాయను. నేను ఏమి రాశానో చెబుతాను: ఏమీ రాయలేదు. మర్నాడు ఎవరో గోదావరి మీద సూర్యోదయం ఫొటో పెడితే దానికి చేతులు జోడించాను. ఇక్కడ సహోద్యోగులకు మాత్రం లోక్‌సభ సభాపతి మా ఊరి పక్క మనిషేనని గొప్పగా చెప్పుకుంటాను. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన పోయినప్పుడు నాకు నిజంగానే ఏడుపు వచ్చింది. అదీ అబద్ధం కాదు. రెండూ నేనే.

పిల్లలకు ఇవన్నీ చెప్పాలా? చెప్పాలనే ఇంతకాలం అందరికీ సలహా ఇచ్చాను. ఊరంటే కొబ్బరిచెట్లు, పూతరేకులు అనుకుంటున్న పిల్లకు చూరులో గ్లాసు ఎందుకు చూపించాలి అని ఆ రాత్రి అనిపించింది. మర్నాటికి చూపించకపోవడమే మోసం అనిపించింది. మధ్యాహ్నానికి మళ్ళీ మొదటికి వచ్చాను.

సాయంత్రం చెప్పేశాను, గ్లాసుతో సహా. తను నన్ను తిట్టలేదు. "ఆ తాతగారి పేరేమిటి? పూర్తి పేరు" అంది. నాకు తెలియదు. అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లవారింది. అమ్మ వెంటనే ఒక పేరు చెప్పింది, చివర 'గాడు' ఉంది.

"అది కాదమ్మా, అసలు పేరు."

అమ్మ చాలాసేపు ఆలోచించింది. ఫోనులో కాకి అరుపు వినబడుతోంది. "అదేరా" అంది చివరికి, "మనం అలాగే పిలిచేవాళ్ళం."

అమ్మాయి పెన్సిల్ పట్టుకుని నా వైపే చూస్తోంది.