సున్నుండ ముక్కు, పై అంతస్తు పావురాలు

శనివారం, బెంగళూరు మారతహళ్లి.

పొద్దున్నే మందు కార్యక్రమం. స్వాతి మా ఫెరెట్ (ముంగిసలా పొడుగ్గా ఉండే చిన్న పెంపుడు జంతువు) సున్నుండని టవల్లో చుట్టి మెడ వెనక చర్మం పట్టుకుని పైకెత్తింది. ఫెరెట్లని అలా పట్టుకుంటే ఒళ్లు వదిలేసి నోరు బార్లా తెరిచి ఆవలిస్తాయి. నాకు కావాల్సింది ఆ ఆవలింతే. సూది లేని సిరంజితో బుగ్గ పక్క నుంచి ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు కొంచెం కొంచెంగా వదిలాను. మింగాక నా వంక ఒక చూపు చూసింది. సాల్మన్ నూనె రాసిన వేలు ముందు పెడితే ఆ కోపమంతా మర్చిపోయి నాకేసింది. తర్వాత పిండి తూచే మిషన్ మీద స్టీలు గిన్నె పెట్టి అందులో కూర్చోబెట్టాను. 840 గ్రాములు. జబ్బు ముదిరినప్పుడు 700 దాకా పడిపోయింది కాబట్టి ఇది మా ఇంట్లో పండగే.

మొదట్లో తుమ్ములు, ముక్కు దూలం మీద చిన్న వాపు. యాంటీబయాటిక్ వాడినా తగ్గలేదు. డాక్టరుగారు వాపులోంచి సూదితో నమూనా తీసి, స్లైడ్ మీద ఇండియా ఇంక్ కలిపి, నన్ను కూడా మైక్రోస్కోప్‌లో చూడమన్నారు. నల్లటి సిరాలో అచ్చం ఉడికిన సగ్గుబియ్యంలా మధ్యలో గింజ, చుట్టూ తేటగా మందపాటి పొర. ఆ పొరలోకి సిరా వెళ్లదట. క్రిప్టోకాకస్ అనే ఫంగస్. ల్యాబ్‌లో దాన్ని పెంచి చూస్తే (కల్చర్) నియోఫార్మన్స్ రకమని తేలింది. ఫెరెట్లలో అరుదే. వాపు పోయింది కదా అని మందు ఆపేస్తే తిరగబెడుతుందట, అందుకే నెలల తరబడి ఇస్తూ, రక్తంలో ఆ ఫంగస్ ఆనవాలు (యాంటిజెన్) తగ్గుతోందా, లివర్ మందుని తట్టుకుంటోందా అని మధ్యమధ్యలో చూసుకోవాలి.

పది గంటలకి రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్. "ఏరా, ఆ ముంగిసకి ముక్కు తగ్గిందా? కాస్త నీలగిరి తైలం రాయకపోయావా?" ముంగిసని పెంచితే 1972 వన్యప్రాణి చట్టం కింద నన్ను లోపలేస్తారమ్మా, ఇది ఫెరెట్ అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. తైలం సంగతికి మాత్రం నవ్వొచ్చింది. ఇదే ఫంగస్‌కి దాయాది, గాటీ అనే రకం, ప్రకృతిలో ఎక్కడుంటుందో ఆస్ట్రేలియాలో 1990లో కనిపెట్టింది నీలగిరి చెట్ల మీదే. తైలంలో ఫంగస్ ఉండదనుకోండి, కానీ ఇంత చిన్న ప్రాణికి ఆ ఘాటే ప్రమాదం. ఇదంతా అమ్మకి చెప్పలేదు, "సరేలే" అన్నాను.

సాయంత్రం లిఫ్టులో పై అంతస్తు పెద్దాయన కలిశారు. నెల్లూరాయన. బ్యాగులో సున్నుండని చూసి ఓ మూలకి జరిగారు. "బాబూ, దానికి ఫంగసట కదా. మా మనవరాలు ఇదే లిఫ్టులో తిరుగుతుంది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ జబ్బు సున్నుండ తుమ్మితే పక్కవాళ్లకి అంటుకునేది కాదు. ఎండిన పావురాల రెట్టలో పెరుగుతుంది, ఆ దుమ్ము పీలిస్తే వస్తుంది, మనిషికైనా ఫెరెట్‌కైనా. పావురానికి మాత్రం సాధారణంగా ఏమీ కాదు, దాని ఒంటి వేడికి ఈ ఫంగస్ నిలవదు. రోజూ పొద్దున పావురాలకి దోసిళ్లతో జొన్నలు వేసేది ఈయనే. అవి తినేది ఆయన బాల్కనీలో, రెట్ట వేసేది మా ఏసీ డబ్బా మీద. సున్నుండకి అక్కడి నుంచే వచ్చిందని గట్టిగా చెప్పలేమని డాక్టరుగారు అన్నారు, నిజమే. అయినా జనం భయపడాల్సిన జంతువుని వదిలేసి టవల్లో చుట్టుకున్నదాన్ని చూసి భయపడుతున్నారు.

కోపం ఆపుకుని నెమ్మదిగానే చెప్పాను. ఆయన కీళ్లవాతానికి స్టెరాయిడ్లు వాడతారు. వాటితో ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గుతుంది, అలాంటివాళ్లకి ఇది ఊపిరితిత్తుల్లోంచి మెదడు దాకా పాకే ప్రమాదం ఎక్కువ. రెట్టని పొడిగా ఊడ్చొద్దు అంకుల్, ముందు నీళ్లు చల్లి తడిపి, మాస్కు పెట్టుకుని తీయించండి అన్నాను. "గింజలేస్తే పుణ్యం కదా బాబూ" అన్నారు. అపార్ట్‌మెంట్ బయట వేసినా పుణ్యమే అన్నాను. "చూద్దాంలే" అంటూ దిగిపోయారు.

ఇంటికొచ్చి, పావురాలు రాకుండా బాల్కనీకి నెట్ కట్టేవాడికి ఫోన్ చేశాను. రెండు బాల్కనీలూ కలిపి చేయించుకుంటే రేటు తగ్గిస్తాడట. ఆ ముక్క రేపు పెద్దాయన చెవిన వేయాలి. ఫంగస్ గురించి వినకపోయినా తగ్గింపంటే వింటారు.