మెలకువ వచ్చింది, కదలిక రాలేదు

అపెండిక్స్ ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కడుపునొప్పి, స్కాన్, ఆ రాత్రికే ఆపరేషన్. కుట్లు చక్కగా మానాయి. నేను రాస్తున్నది ఆపరేషన్ ముగిశాక జరిగిన దాని గురించి. ఇన్నాళ్లూ రాయలేకపోయాను. ఇప్పుడు నిద్ర పడుతోంది కాబట్టి రాస్తున్నాను.

ముందు మాటలు వినిపించాయి. పళ్లెంలో పరికరాలు పెడుతున్న చప్పుడు. అయిపోయిందన్నమాట అనుకుని కళ్లు తెరవబోయాను. రెప్పలు లేవలేదు. చెయ్యి కదపబోతే కదల్లేదు. గొంతులో గొట్టం. నా ప్రమేయం లేకుండానే గాలి లోపలికి వస్తోంది, పోతోంది. ఒక్క ఊపిరైనా నా అంతట నేను పీల్చుకుందామంటే ఛాతీ స్వాధీనంలో లేదు. పొట్ట మీద కోత మండిపోతోంది. పక్షవాతం వచ్చిందనుకున్నాను. ఆ తర్వాత, చనిపోయానేమో అనుకున్నాను. చిన్నప్పుడు అమ్మ నేర్పిన ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో మాటలు తప్పిపోయి, మళ్లీ మొదటికి వచ్చాను.

అప్పుడే ఎవరో నా చెంప మీద తట్టి విసుగ్గా అన్నారు: "కొందరింతే. మెలకువ వచ్చినా కళ్లు తెరవరు. అంతా గారాబం."

కోత నొప్పి మరిచిపోయాను. ఈ మాట మరవలేదు.

గుండె చప్పుడు వినిపించే యంత్రం వేగం పెంచింది. కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి కారుతున్నట్టు తెలుస్తోంది. ఆ నీటిని చూసింది ఒక నర్సు. "సార్, ఈమె ఏడుస్తున్నారు" అంది. మత్తు విభాగంలో అందరికంటే చిన్న డాక్టరు దగ్గరికి వచ్చారు. మణికట్టు మీద ఏవో అతికించారు. చురుక్, చురుక్, చురుక్, చురుక్. నాలుగు సార్లు కరెంటు తగిలింది. బొటనవేలు కొద్దిగా కూడా కదల్లేదు. "కండరాల మందు ఇంకా దిగలేదు. ఈమె అన్నీ వింటూ ఉండవచ్చు. నిద్రమందు మళ్లీ మొదలుపెట్టండి" అని, నా చెవి దగ్గరకు వంగి, "అమ్మా, భయపడకండి. మీకు ఊపిరి మేము ఇస్తున్నాం. మందు దిగగానే మీరే కదులుతారు. అంతవరకు నిద్రపోండి" అన్నారు. ఆ గొంతు విన్నాకే నేను బతుకుతానన్న నమ్మకం కలిగింది. దేవుడు నా ప్రార్థన సగంలోనే విన్నాడని ఇప్పటికీ నమ్ముతాను.

తెల్లవారాక ఐసీయూలో గొట్టం తీశారు. తర్వాత ఆ డాక్టరే వచ్చి, కూర్చుని, వివరంగా చెప్పారు. గొట్టం వేయడానికి గొంతు కండరాలు వదులు కావాలి. అందుకు నాకు ఇచ్చింది సక్సినైల్‌కోలిన్. నిమిషంలోపే పనిచేస్తుంది, చాలామందిలో పది నిమిషాల లోపే దిగిపోతుంది. రక్తంలోని కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విరిచేస్తుంది. నా ఎంజైము పుట్టుకతోనే లోపభూయిష్టం. అందుకే నిమిషాల్లో దిగవలసిన మందు గంటల తరబడి నిలిచిపోయింది. ఆపరేషన్ మధ్యలో కండరాలను వదులు చేసే మరో మందు అవసరమే పడలేదట. అప్పుడే అనుమానం రావలసిందని ఆయనే అన్నారు. దీనికి చికిత్స ఏమంటే మందు దానంతట అది దిగేవరకు వెంటిలేటరు మీద, నిద్రలో ఉంచడమే. నిద్రమందు మాత్రం ముందే ఆపేశారు.

నాకు మందు మీద కోపం లేదు. ఎన్నో ప్రాణాలు కాపాడిన మందు అది. కోపమంతా ఆ మాట మీద. 1947లో స్కాట్ స్మిత్ అనే డాక్టరు తన శరీరంలోకి కండరాలను చచ్చుబరిచే క్యురారే మందు ఎక్కించుకుని, కండరాలన్నీ చచ్చుబడినా తెలివి పూర్తిగా ఉంటుందని, నొప్పీ తెలుస్తుందని నిరూపించారు. అప్పటి నుంచీ తెలిసిన విషయమే కదా ఇది! కదలని మనిషికి వినబడదని ఎలా అనుకుంటారు? చెంప మీద తట్టే బదులు, కరెంటు తగిలించి కండరాలు కదులుతున్నాయో లేదో చూసే ఆ చిన్న పరికరాన్ని ముందే మణికట్టుకు పెట్టి ఉంటే నాకు ఆ నరకం తప్పేది.

ఇంకో కోపం కూడా ఉంది. డిశ్చార్జి కాగితంలో "మత్తు నుంచి కోలుకోవడం కొంత ఆలస్యమైంది" అని ఒక్క వాక్యం రాశారు. మందు పేరు లేదు. ఆ కాగితం పట్టుకుని రేపు ఇంకో ఆసుపత్రికి వెళ్తే ఇదే మందు మళ్లీ ఇస్తారు. పట్టుబట్టి రక్తపరీక్ష చేయించుకున్నాను. ఆ ఎంజైము సరిగ్గా ఉందో లేదో చెప్పే, 1957 నుంచీ వాడుకలో ఉన్న డైబుకైన్ నంబర్ పరీక్ష. మామూలు మనుషులకు 80 దగ్గర ఉండేది నాకు 22 వచ్చింది. ఆ కాగితం చూపించి అడగ్గా అడగ్గా, సక్సినైల్‌కోలిన్, అదే ఎంజైము విరిచే మివాక్యూరియం ఈమెకు వాడరాదని లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చారు. దాని ఫొటో ఫోనులో ఉంది, నకలు పర్సులో ఉంది. మీకు గానీ మీ ఇంట్లో వాళ్లకు గానీ మత్తు తర్వాత లేవడం ఆలస్యమైతే, కారణం ఏమిటో, ఏ మందు వాడారో రాసి ఇవ్వమని అడగండి. "ఇప్పుడు బాగానే ఉన్నారుగా" అంటారు. వదలకండి.

ఈ ఎంజైము లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడ్డవైనప్పుడే ఇంత తీవ్రంగా వస్తుంది. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం. అప్పటికి మా చెల్లి నిండు గర్భిణి. "అక్కా, నాకూ ఉంటుందా?" అని అడిగినప్పుడు జవాబు చెప్పలేక వెంటనే పరీక్ష చేయించాను. దానికీ ఉంది. అత్యవసరంగా పూర్తి మత్తు ఇచ్చి సిజేరియన్ చేయవలసి వస్తే చాలాచోట్ల ముందు అందుకునేది ఆ సక్సినైల్‌కోలిన్ ఇంజక్షనే. కాన్పుకు ముందే మత్తు డాక్టరును కలిసి కాగితం ఇచ్చాం. ఆవిడ పూర్తిగా చదివి, వెన్నుకు మత్తు ఇస్తామని, అది కుదరకపోతే ఈ ఎంజైముతో పనిలేని రోకురోనియం అనే కండరాల మందు, దానికి విరుగుడుగా సుగమాడెక్స్ సిద్ధంగా ఉంచుతామని చెప్పారు. వెన్నుమత్తుతోనే సిజేరియన్ చేశారు. తల్లీబిడ్డా క్షేమం.

తమ్ముడి ఫలితం మామూలుగానే వచ్చింది. నా పిల్లలిద్దరికీ నా నుంచి ఒక జన్యువు తప్పకుండా వెళ్లి ఉంటుంది, రెండోది వాళ్ల నాన్న పరీక్షను బట్టి తెలుస్తుంది. ఆయన రక్తం నిన్ననే ఇచ్చి వచ్చారు.