కొండ వాలు మీద ఎకరానికి ఎన్ని ఇళ్లు?

ఎకరానికి ఇన్ని ఇళ్లు అనే లెక్క చదును నేలను చూసి పుట్టింది. సముద్రపు ఒడ్డున ఉన్న కొండకు దాన్నే వాడితే మొదట్లోనే తప్పుతాం. కొండ మీద ముందు తేల్చుకోవాల్సింది వాలు.

40 మీటర్ల అడ్డదూరంలో 10 మీటర్లు ఎక్కితే అది 25 శాతం వాలు. అక్కడ 8 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు ఉన్న బిల్డింగ్‌ను కాంటూర్ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) వెంట కడితే ముందు వెనకల మధ్య నేల తేడా 2 మీటర్లే. పొడవు వాలు దిగే దిక్కున ఉండేలా కడితే ఆ తేడా 5 మీటర్లు. ఈ తేడా అంతా మట్టిని ఆపే గోడ (రిటైనింగ్ వాల్) మీదే పడుతుంది. గోడ ఎత్తు రెట్టింపైతే మట్టి తోపు నాలుగు రెట్లవుతుంది, గోడను తిప్పి పడదోసే ప్రభావం (మొమెంట్) ఎనిమిది రెట్లు. అందుకే 5 మీటర్ల గోడ ఒకటి కట్టేకంటే మధ్యలో బాగా ఎడం వదిలి రెండు మెట్లుగా కట్టడమే నయం. ఎడం చాలకపోతే పై గోడ బరువు కింది గోడ మీద పడుతుంది.

గోడ కూలిందంటే చాలాసార్లు కారణం వెనక నిలిచిన నీరే. గోడ వెనక 300 మిల్లీమీటర్ల మందాన కంకర, కంకరకూ మట్టికీ మధ్య ఫిల్టర్ గుడ్డ, గోడలో సుమారు ఒకటిన్నర మీటరుకొకటి చొప్పున 75 మిల్లీమీటర్ల వీప్ హోల్స్ (నీరు బయటికి పోయే రంధ్రాలు) ఉండాలి. గుడ్డ మానేస్తే సన్నమట్టి కంకరలోకి దిగి దారి మూసేస్తుంది. జోరువానలో వీప్ హోల్స్ పొడిగా ఉండి, రాళ్ల సందుల్లోంచి నీరు చెమర్చుతుంటే దారి మూసుకుపోయిందనే అర్థం. గోడకు సమాంతరంగా పైనేల మీద పగులు కనిపిస్తే వెంటనే ఇంజినీరును పిలవాలి.

పునాదిలో సగం తవ్విన నేల మీద, సగం నింపిన మట్టి మీద ఉంటే ఇల్లు ఒకవైపు దిగి, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వస్తాయి. నింపుడు మట్టిని దాటి గట్టినేల దాకా పునాది దించాల్సిందే.

ఇక రోడ్డు. 10 శాతం వాలుతో 30 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే 300 మీటర్ల రోడ్డు కావాలి. 6 మీటర్ల వెడల్పుకు 1,800 చదరపు మీటర్లు అక్కడే పోతాయి, పక్కన తవ్వే గట్లు అదనం. ఇళ్లు చెల్లాచెదురైతే ఈ ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. ఒక్కొక్కటి 100 చదరపు మీటర్ల పన్నెండు ఇళ్లు విడివిడిగా ఉంటే 1,200 చదరపు మీటర్ల కప్పు. 50 మిల్లీమీటర్ల వాన పడితే 60,000 లీటర్లు కిందికి దూకుతాయి. అవే ఇళ్లు వాలు తక్కువున్న చోట మూడంతస్తుల్లో ఉంటే 20,000 లీటర్లు. కొండను కాపాడాలని ఇళ్ల మధ్య దూరం పెంచమనే వాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి.

మురుగునీటిని నేలలోకి ఇంకించే విడివిడి సోక్ పిట్‌లు వాలు మీద ప్రమాదం. పై ఇంటి మురుగు కింది ఇంటి గోడలో ఊరుతుంది. అందరికీ ఒకే మురుగు లైను వేయాలి. వాననీటి కాలువ సముద్రంలో కలిసే చోట నీటిని బయటికి మాత్రమే పోనిచ్చే మూత (ఫ్లాప్ వాల్వ్) లేకపోతే పోటు సమయంలో ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది.

ఎత్తు నిబంధన రాసేటప్పుడు సహజ నేలమట్టం నుంచే కొలవమని రాయాలి. రోడ్డు మట్టం నుంచి కొలిస్తే, రోడ్డువైపు రెండంతస్తులు కనిపించే ఇల్లు లోయవైపు నాలుగంతస్తులవుతుంది. పూర్తిగా బయటికి తెరుచుకుని, కిటికీలున్న కింది అరను సెల్లార్‌గా చూపిస్తే ఒప్పుకోకూడదు. అక్కడ మనుషులు ఉంటారు, నీళ్లు వాడతారు, బండ్లు పెడతారు; దాన్నీ ఫ్లోర్ ఏరియాలో (అన్ని అంతస్తుల మొత్తం విస్తీర్ణంలో) కలపాలి.