వడ్లు ఆరబోసిన రోడ్డు

కార్తీక సోమవారం నాడు హనుమకొండల కారు తియ్యాలంటే ఓపిక ఉండాలె. వేయిస్తంభాల గుడి దిక్కు పోతే దీపాల పళ్లేలు పట్టుకున్న ఆడోళ్లు, వాళ్ల కొంగు పట్టుకున్న పిల్లలు, పూలబండ్లు, ఆటోలు. వాళ్ల ధ్యాసంతా దీపం ఆరిపోకుండా చూసుకునుడు మీదనే ఉంటది, ఎనుక వచ్చే బండి మీద ఎందుకుంటది? నడక వేగంతోనే దాటినం. బాపు పక్కసీట్ల కూసోని గుడి దిక్కు తిరిగి దండం పెట్టుకున్నడు.

ఆయనకు పోయిన నెల శుక్లాల ఆపరేషన్ అయింది, ఇయ్యాల చెకప్. కంట్ల చుక్కలేసి, కంటిపాప పెద్దగైనంక చూసిన్రు. అంతా మంచిగనే ఉందట. కానీ ఆ చుక్కల ప్రభావం పోయేదాకా కొన్ని గంటలు వెలుగు తట్టుకోలేరు, దగ్గరివి మసక మసకగ కనిపిస్తయి. నల్లద్దాలు పెట్టుకొని బయటికి వచ్చిండు. మందుల షాపేమో రోడ్డుకు అవతల.

అక్కడ జీబ్రా గీతలున్నయి. పండుగ ఎల్లినంక వాకిట్ల మిగిలిన ముగ్గు లెక్క సగం చెరిగిపోయినయి గానీ ఉన్నయి. బాపు చెయ్యి పట్టుకొని సగం దాక వచ్చిన్నో లేదో, ఒక బైకు పిలగాడు హారన్ మీద హారన్. బాపు అక్కడనే నిలబడిపోయిండు. గుంజినా కదలడు. వాడు మా పక్కనుంచి రయ్యిన పోయిండు.

"ఏంది బాపూ, నడిమిట్ల ఆగితివి?"

"ఏ దిక్కునుంచి కొడుతున్నడో ఎరుకైతదా బిడ్డా? అది ఇనవడంగనే కాళ్లు ఆగిపోతయ్."

ఆ మాట పొద్దంతా నా మనసుల తిరిగింది. హారన్ కొట్టినం, ఇగ మన పని అయిపోయింది, తప్పుకునుడు వాళ్ల పని అనుకుంటం. ముసలి మనిషి బెదిరి ఆగుతడు, లేకుంటే ఒక అడుగు ఎనుకకు ఏస్తడు. మనం ఎనుకనుంచి పోదామని బండి మళ్లించింది సరిగ్గ ఆ జాగకే. సిగ్నల్ లేని జీబ్రా దగ్గర నిదానించి, అవసరమైతే ఆగి, నడిచెటోళ్లకు దారియ్యాలని 2017 డ్రైవింగ్ నిబంధనలల్ల రాసే ఉన్నది. హారన్ కొట్టి తప్పించుమని ఎక్కడా లేదు.

కారు దిగేటప్పుడు ఆయనకు ఒక అలవాటు నేర్పిన. ఎడమ తలుపును కుడి చేత్తో తెరువుమని. అట్ల తియ్యాలంటే ఒళ్లు దానంతట అదే తిరుగుతది, ఎనుక సైకిలో స్కూటరో వస్తుంటే కండ్లవడుతది. నెదర్లాండ్స్‌ల డ్రైవింగ్ నేర్పేటప్పుడు చెప్పే పద్ధతట. "మన ఎడ్లబండికి తలుపే లేకపాయె" అని నవ్విండు గానీ, చేస్తున్నడు.

ఊరికి బయల్దేరేసరికి నాలుగున్నర దాటింది. ఆరెపల్లి దాటి 163 హైవే మీద గూడెప్పాడ్ దాక సాఫీగనే పోయినం. అక్కడ పరకాల దిక్కు మలిగినంక కొంత దూరానికి రోడ్డు సగమే మిగిలింది. ఎడమ పక్కంత వడ్లు.

ఎనుకట కోసిన వరి మెదలు పొలంలనే ఎండేవి. ఇప్పుడు కోతమిషన్ల నుంచి పచ్చి వడ్లు సీదా ట్రాక్టరుకెక్కుతున్నయి. కొనుగోలు కేంద్రంల తేమ 17 శాతం మించితే కాంటా పెట్టరు. కల్లం లేనోళ్లు ఎక్కడికి పోతరు? తారురోడ్డు మీద పొయ్యొద్దని ఏటా చెప్తనే ఉంటరు, ఆ చెప్పుడు కూడ నిజమే. రాత్రి నల్లపట్టా కప్పి చుట్టూ పెట్టిన రాళ్లు తగిలి బైకులు పడ్డ సంగతులు మా దిక్కు ఎన్నో ఇంటం. కానీ తప్పెవరిదో కార్ల కూసోని తీర్పు చెప్పెటందుకు అది టైం కాదు. ముందట మనిషి ఉన్నది.

ఒకామె చెప్పులు ఇడిసి, వడ్లల్ల కాళ్లు ఈడుస్తూ సాళ్లు తీస్తున్నది. తలకు తువ్వాల, మడిమలకు తెల్లటి దుమ్ము. మా దిక్కు ఆమె వీపే ఉన్నది. సాలు చివరికి రాంగనే మలుగుతది, ఆ మలిగేటప్పుడు ఒక అడుగు రోడ్డు మీదికి వస్తది. రెండు సాళ్లు చూస్తే ఎవరికైనా అర్థమైతది. ఎదురుంగ ఒక బైకు, ఎనుక పిల్లను కూసోబెట్టుకొని. నేను ముందుకు దూరితే అతను వడ్ల మీదికే దిగాలె. గింజల మీద టైరు పట్టు దొరకదు, బ్రేకు కొడితే జారుడే. ఆగిన. అతను పోయిండు, ఆమె మలిగింది, అప్పుడు కదిలిన. నా ఎనుక కారాయనకు మాత్రం మస్తు కోపమొచ్చింది. లైట్లు కొట్టిందే కొట్టుడు.

ఆయనకు ఎంత టైం పోయిందో లెక్క కట్టిన. పది కిలోమీటర్లు 60 మీద పోతే పది నిమిషాలు, 40 మీద పోతే పదిహేను. తేడా ఐదు నిమిషాలు. 60 మీద ఉన్న కారు, మనకు మనిషి కనవడి కాలు బ్రేకు మీదికి పోయేలోపే, ఆ ఒక్క సెకన్ల దాదాపు 17 మీటర్లు పోతది. పొడిరోడ్డు మీద పూర్తిగా ఆగేసరికి మొత్తం 35 మీటర్ల పైనే. 40 మీద 20 మీటర్లు చాలు. వడ్ల మీదైతే ఈ లెక్కలేవీ పనికిరావు.

ఇంకాస్త ముందట గొర్ల మంద అడ్డమొచ్చింది. మంద మొత్తం దాటిందనుకొని గేరు వెయ్యబోతుంటే బాపు చెయ్యి అడ్డం పెట్టిండు. "ఆగు, ఎనుక పిల్ల ఉంటది." నిజంగనే ఒకటి తుమ్మచెట్టు కాడినుంచి అరుసుకుంట ఉరికొచ్చింది.

ఇంటికి చేరేసరికి మసకైంది. హనుమకొండల కొన్న రేడియం స్టిక్కర్ పట్టీ తీసి ఆయన సైకిలుకు అంటించిన. ఎనుక మడ్‌గార్డుకు ఒకటి, రెండు పెడళ్లకు రెండు దిక్కులా. తొక్కేటప్పుడు పెడళ్లు కిందికీ మీదికీ ఆడుతయి కాబట్టి ఎనుకొచ్చెటోని కన్ను వాటి మీదికే పోతది. ఇంకో రెండు నెలల దాక సైకిలు ముట్టొద్దని నేను, రేపే పొలం పోతనని ఆయన. ఆ కొట్లాట ఇంకా తెగలేదు. ఈలోపు పక్కింటి మల్లన్న వచ్చి, మిగిలిన పట్టీ చూసి తన ట్రాక్టర్ ట్రాలీకని పట్టుకపోయిండు. దానికి ఎనుక లైట్లు ఎన్నడూ లెవ్వు.